రేకు వెనక పాచిక

6,203వ రోజు. మిగిలిన మెట్లు: 31

ఈ పంపు పుస్తకంలో మూడు గళ్లున్నాయి. మేం ఈ పాత బొగ్గు బావిలోకి దిగి ఎన్ని రోజులైందో మొదటి గడి చెబుతుంది. కింది గ్యాలరీలో ఊరే నీళ్లకూ, మేం అరవై నలుగురం పడుకునే పై గ్యాలరీకీ మధ్య ఎన్ని మెట్లు మిగిలాయో రెండోది చెబుతుంది. మూడోది విశేషాల గడి. పదిహేడేళ్లుగా అందులో 'ఏమీ లేవు' అని రాస్తూ వచ్చాను.

ఇవాళ ఒక విశేషం ఉంది. పొద్దున పంపు మోత మారింది. విప్పి చూస్తే నీళ్లను తోసే రెక్కల చక్రం అరిగిపోయి, అంచు బ్లేడులా పలచబడి ఉంది. అలాంటి చక్రం మా దగ్గర ఇంకోటి లేదు. ఆ మాట మా గ్యాలరీ పెద్ద మొండయ్యకు చెబితే, "ఇంక ఎన్నొద్దులు నడుస్తది ఓదెలన్నా?" అన్నాడు. నెల అన్నాను. మూడు వారాలని లోపల అనుకున్నాను. నాకు కొంచెం కలిపి చెప్పే అలవాటుంది. ఆ అలవాటు గురించే ఈ గడిలో రాయబోతున్నానని అప్పటికి నాకు తెలియదు.

సాయంత్రం షిఫ్టు హూటర్ మోగాక ఎప్పటిలాగే ఆట ఆడాం.

6,209వ రోజు. మిగిలిన మెట్లు: 28

ఈ పుస్తకం ఎప్పుడైనా పరాయి బావి వాళ్ల చేతుల్లో పడితే వాళ్లకు తెలియాలి కాబట్టి ఆట గురించి రాస్తున్నాను.

బల్ల చుట్టూ నలుగురం కూర్చుంటాం. ముగ్గురు ఆడతారు, నేను ఆడిస్తాను. ఏడు బురుజుల సీమ అని ఒక రాజ్యం ఉంది. దాన్ని అద్దాల రాజు చెరబట్టాడు. మొండయ్య అందులో వీరబాహు అనే కత్తి యోధుడు. బయట తొడకు సూది గుచ్చితే కేకలు పెడతాడు, అక్కడ మాత్రం రాక్షసుల తలలు నరుకుతాడు. పుట్టగొడుగుల మడులు చూసుకునే రాజవ్వకు డెబ్భై దాటాయి. ఆమె కంకాళి అనే మంత్రగత్తె. మా చెల్లెలి కూతురు లసుమ, పిట్ట అనే దొంగపిల్ల. ఏం జరిగిందో నేను చెబుతాను, చివర 'ఇప్పుడు నువ్వేం చేస్తావు?' అని అడుగుతాను. వాళ్లు చెబుతారు. ఆ పని అవుతుందా కాదా అన్నది ఇరవై ముఖాల ఇత్తడి పాచిక తేలుస్తుంది. ఎక్కువ పడితే అవుతుంది. ఒకటి పడితే చావే.

ఈ ఆటను ఆడించడంలో రకాలున్నాయి. నాకు నేర్పిన పోచం సారు పాచికను బల్ల మధ్యలో, అందరి కళ్ల ముందు దొర్లించేవాడు. "పాచిక చెప్పిందే కథ, మనం చెప్పేది ముచ్చట" అనేవాడు. ఆయన బల్ల మీద వారానికో వీరుడు చచ్చేవాడు. జనం నిజం మనిషి పోయినట్టే ఏడ్చేవాళ్లు. కొన్నాళ్లకు బల్ల దగ్గర సారు ఒక్కడే మిగిలాడు.

నా పద్ధతి వేరు. నా ముందు మోకాలెత్తు రేకు నిలబెట్టి ఉంటుంది. దానికో గొట్టం బిగించి ఉంటుంది. ఆడేవాళ్లు పాచికను అటువైపు నుంచి గొట్టంలో వేస్తారు, అది గలగలలాడుతూ నా వైపు పడుతుంది. ఎంత పడిందో నేనొక్కణ్నే చూసి చెబుతాను. ఇలాంటి రేకు ఇంకే బావిలోనూ లేదని విన్నాను.

6,216వ రోజు. మిగిలిన మెట్లు: 24

పంపుకు రోజూ నాలుగు గంటలు సెలవు ఇవ్వాల్సి వస్తోంది. లేకపోతే బేరింగు కాలుతోంది.

లసుమ ఇవాళ గ్రీజు డబ్బా పట్టుకుని నాతోపాటు దిగింది. దానికి ఇరవై రెండేళ్లు. పని చేస్తూనే నా ఆటను తిట్టింది.

"నీ కథల తోవ ముందుగాలనే ఏసి ఉంటది మామా. మేం ఎడమకు వోయినా గా బురుజే, కుడికి వోయినా గా బురుజే. నాకు తెల్వదనుకున్నవా?"

"తోవ లేకపోతే తప్పిపోతారే."

"తప్పిపోతే ఏమాయె? నేను ఆడిస్తే సూడు, పటం మీద ఒక్క గీత గూడ ఉండది. మీరు ఏడ కాలు వెడ్తే ఆడ ఊరు పుడ్తది."

నిజంగానే ఖాళీ కాగితం ఒకటి మడిచి రొంటిన దోపుకుంది. వచ్చే నెల నుంచి తనే ఆడిస్తుందట. నేను నవ్వాను కానీ, ముచ్చటేసింది. నా చేతికింద పెరిగిన పిల్ల నన్ను కాదని తన పద్ధతి తను వెతుక్కోవడం నాకు నచ్చింది.

అది ఖాళీ కాగితమంటే భయపడదు. ఎందుకు భయపడదో నాకు తెలుసు. పిట్ట ఏ గోడ దూకినా పద్దెనిమిది, పంతొమ్మిది పడతాయి. బావి మొత్తానికి ఇదో సామెత అయింది. ఏదైనా కష్టమైన పని పడితే "లసుమ చెయ్యి వెట్టియ్యున్రి, దాని చెయ్యి మంచిది" అంటారు. పురిటి గదిలోకి కూడా ముందు దాన్నే పిలుస్తారు.

దాని చెయ్యి మంచిది కాదు. నా నోరు మంచిది.

6,217వ రోజు. మిగిలిన మెట్లు: 24

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టలేదు.

పదకొండేళ్ల కింద మా చెల్లెలు కొమ్రక్క మందుల కోసం పైకి వెళ్లింది. పైకి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లడానికి లేదు. ఇప్పటి ఎండ ఒళ్లు తాకితే పావుగంటకు చర్మం పొక్కుతుంది, అరగంటకు మనిషి కూలుతుంది. దట్టంగా మబ్బు పట్టిన పగలే నడవాలి. ఆ మబ్బు ఐదు గంటలుంటుందో ఒకటే ఉంటుందో చెప్పే మొనగాడు లేడు. కొమ్రక్క తిరిగి రాలేదు.

ఆ తర్వాత నెలా పదిహేను రోజులు లసుమ నోరు విప్పలేదు. పదకొండేళ్ల పిల్ల గోడకు ఆనుకుని కూర్చునేది. పోచం సారు అప్పటికే పోయాడు, పాచిక నా దగ్గరుంది. ఏం చెయ్యాలో తోచక దాన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి, నువ్వు పిట్టవి, నీ ముందు లోయ ఉంది, ఇప్పుడు నువ్వేం చేస్తావని అడిగాను. చాలాసేపు చూసి, "దుంకుత" అంది. అదే దాని మొదటి మాట. పాచిక వేసింది. ఒకటి పడింది.

నా ఎడంచెయ్యి అడ్డం పెట్టాను. "పంతొమ్మిది" అన్నాను. అది నవ్వింది. మర్నాడు పొద్దున్నే వర్క్‌షాపుకు పోయి రేకు కోయించుకొచ్చాను.

అంతే సంగతి. అప్పటినుంచి నా బల్ల మీద ఎవరూ చావలేదు. పైన చావు కావలసినంత ఉంది, నా రేకు వెనక కూడా ఎందుకు అనుకున్నాను. తప్పు చేస్తున్నానని ఒక్కనాడూ అనిపించలేదు. పైగా నాలో నేను మురిసిపోయేవాణ్ని.

6,222వ రోజు. మిగిలిన మెట్లు: 20

ఆరో బావి వాళ్ల దగ్గర కొత్త చక్రం ఉందట. రెండు బావులకూ మధ్య పాత ఇసుక గొట్టం ఒకటి భూమిలో పోతుంది. దాని మీద సుత్తితో కొడితే అక్కడ చెవి ఆనించిన వాళ్లకు వినబడుతుంది. దెబ్బల లెక్కతోనే మా ఉత్తరాలు. పాత చక్రం తెస్తే దాని కొలత చూసి సరిపడేది ఇస్తామన్నారు. మనిషిని మాత్రం పంపలేరట, వాళ్లకు నడిచేవాళ్లు ముగ్గురే మిగిలారు. పది కిలోమీటర్లు. బరువుతో రెండున్నర గంటలు.

ఎవరు వెళ్లాలన్న దాని మీద మధ్యాహ్నం సభ పెట్టారు. ఇంటికో చీటీ రాసి కుండలో వేసి తియ్యడం మా రివాజు. కుండ తెచ్చారు, చీటీలు కోశారు. పేర్లు రాయడానికి ఒక్కరి చెయ్యీ లేవలేదు. అప్పుడు మొండయ్య గొంతు సవరించుకున్నాడు.

"చీటీ గుడ్డిది. ఎవలి పేరొస్తదో, వాళ్ల నసీబెట్లుంటదో. మన లసుమ చెయ్యి ఎసుంటిదో అందరికెర్కే. పదకొండేండ్ల సంది ఒక్కపారి గూడ తప్పలే. మబ్బు గూడ గా పాచిక అసుంటిదే గదా. ఏమంటరు?"

చేతులు లేచాయి. ముందు రెండు, తర్వాత పది, తర్వాత అన్నీ. లసుమ సిగ్గుపడుతూ నవ్వుతోంది. దాని ముఖంలో భయం మచ్చుకైనా లేదు.

నేను కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. నోరు విప్పితే పదకొండేళ్ల అబద్ధం బయటపడుతుంది. విప్పకపోతే పిల్ల పోతుంది. అందరూ నా వైపు చూశారు, మేనమామను కదా.

నేనూ చెయ్యి ఎత్తాను.

6,225వ రోజు. మిగిలిన మెట్లు: 17

మబ్బు కోసం చూస్తున్నాం. బావి మూతి దగ్గర అద్దాల గొట్టంలోంచి ఆకాశం కనిపిస్తుంది. తెల్లగా మండుతోంది.

లసుమ గొంగడి తడిపి ఆరబెట్టి, తడిపి ఆరబెట్టి చూసుకుంటోంది, నీళ్లు ఎంతసేపు ఆగుతాయోనని. మూడు రోజులుగా దానికి చెప్పాలని నోటిదాకా వస్తోంది, మింగుతున్నాను. ఆట ఆడదామంది, తలనొప్పి అన్నాను. "తలకాయ నొస్తే కథ ఎందుకు ఆగుతది మామా, నోరు నొస్తలేదు గదా" అంది.

ఈ పిల్ల పోతే నేను బతకలేను. ఇది రాయడానికి ఈ పుస్తకంలో వేరే గడి లేదు.

6,227వ రోజు. మిగిలిన మెట్లు: 15

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇందులో ఏదీ కలపను.

పొద్దున తొమ్మిదింపావుకు మబ్బు కమ్మింది. దట్టమైన నల్ల మబ్బు. మూతి దాకా మేమిద్దరమే ఎక్కాం, ఎక్కువమంది ఎక్కితే తలుపు తెరిచినప్పుడు వేడి కిందికి దిగుతుందని నియమం. లసుమ గొంగడి కప్పుకుంది. పాత చక్రాన్ని గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుంది. తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి, "పొయ్యొస్త మామా. ఇరవై వడ్డట్టే అనుకో" అంది.

అక్కడ నాకు మనసు ఆగలేదు. చెప్పేశాను. రేకు వెనక ఏం పడేదో, నేనేం చెప్పేవాణ్నో అంతా చెప్పేశాను. దాని చెయ్యి అందరి చెయ్యి లాంటిదేననీ, ఆకాశం చూసుకుంటూ నడవమనీ, అనుమానమొస్తే వెనక్కి రమ్మనీ అన్నాను. జాగ్రత్తగా ఉంటుందని చెప్పానా, నా బరువు దించుకోవాలని చెప్పానా? ఇప్పుడు రాస్తుంటే రెండోదే నిజమనిపిస్తోంది.

అది గొళ్లెం వదిలేసి మెట్టు మీద కూర్చుంది.

"లోయ దుంకిన్నాడు?"

"ఒకటి."

"పాము పుట్టల?"

"నాలుగు."

"అద్దాల రాజు బంట్లు నన్ను కట్టేసిన్నాడు?"

"రెండు. నీకప్పుడు పద్నాలుగేళ్లు, జ్వరంతో ఉన్నావు."

ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. నేను మరిచిపోయినవి కూడా దానికి గుర్తున్నాయి. నేను చెబుతూ పోయాను. లేవమని చెప్పాలన్న తెలివి నాకు లేకపోయింది, పదకొండేళ్ల తర్వాత ఎవరితోనో ఒకరితో నిజం మాట్లాడుతున్నానన్న ధ్యాసలో పడిపోయాను.

"నల్లేరు వంతెన మీద?"

"అది నిజం. పదిహేడు పడింది. ఒట్టు."

"అయితే ఒక్కటన్న ఉన్నది" అంది. కాసేపు చేతులు చూసుకుంది. తర్వాత నా ముఖంలోకి చూసి, నేను రోజూ అడిగే మాటే అడిగింది.

"మరి ఇప్పుడు నువ్వేంజేస్తవ్ మామా?"

నేను వెళ్తానన్నాను. గొంగడి ఇమ్మన్నాను. "నీ మోకాళ్లకు మెట్లెక్కుడే గగనం, పది కిలోమీటర్లు ఏడ నడుస్తవ్" అని లేచింది. "మెట్లు పదిహేనే ఉన్నయ్. ఎవలో ఒకలం వోవాలె గదా." తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఎప్పుడూ వెళ్లేటప్పుడు నా భుజం మీద చరిచేది, ఇవాళ చరచలేదు.

అద్దాల గొట్టంలోంచి చూశాను. పదడుగులకోసారి ఆగి ఆకాశం చూస్తోంది. నేనే చూడమన్నాను.

తలుపు మూసి గడియారం చూస్తే పది దాటి ఐదు నిమిషాలైంది. ముప్ఫై ఐదు నిమిషాలు కూర్చున్నాం.

పన్నెండు దాటాక ఎండ వచ్చింది.

6,228వ రోజు. మిగిలిన మెట్లు: 13

ఇసుక గొట్టం దగ్గరే ఉన్నాను. ఆరో బావికి కొట్టాను: మనిషి చేరిందా? జవాబు: లేదు.

మళ్లీ కొట్టాను. మళ్లీ అదే.

6,229వ రోజు. మిగిలిన మెట్లు: 12

చక్రం లసుమతో పోయింది కాబట్టి పంపు ఆగి ఉంది, చేతి బకెట్లతో నీళ్లు తోడుతున్నారు. పిల్లలు కూడా వరసలో నిలబడ్డారు. రాజవ్వ నా దగ్గరికి గంజి తెచ్చి, ముట్టుకోకపోతే తీసుకుపోయింది.

ఆరో బావి దారిలో పాత బస్సు ఒకటి పడి ఉందట. దాని కింద దూరి ఉంటుందేమోనని మొండయ్య అన్నాడు. ఇవాళంతా నేనూ అదే బస్సును పట్టుకుని బతికాను. బస్సు నిజంగా ఉందో లేదో అడగలేదు.

6,231వ రోజు. మిగిలిన మెట్లు: 9

మధ్యాహ్నం మబ్బు పట్టింది. రెండు గంటల తర్వాత గొట్టం మోగింది. ఆరో బావి వాళ్లు వెతకడానికి బయటికొచ్చారు. దెబ్బలు నేనే లెక్కపెట్టాను, వేరేవాళ్లను పెట్టనివ్వలేదు.

దొరికింది. ప్రాణం లేదు. మా ఆరో బావి తలుపుకు మూడు వందల అడుగులు.

మూడు వందల అడుగులు ఐదు నిమిషాల నడక కూడా కాదు. నేను ముప్ఫై ఐదు నిమిషాలు తిన్నాను. ఏమీ చెప్పకుండా పంపి ఉంటే అది ఆకాశం వైపు చూడకుండా, పాట పాడుకుంటూ చేరేది. ముందే, సభలోనే చెప్పి ఉంటే చీటీలు వేసేవాళ్లు. నేను రెండూ చెయ్యలేదు. అబద్ధం చెప్పాల్సినంత కాలం చెప్పి, అది పనికొచ్చే ఒక్కరోజు నిజం చెప్పాను.

6,233వ రోజు. మిగిలిన మెట్లు: 6

ఆరో బావి నుంచి ఇద్దరు వచ్చారు. పిల్ల నడుముకున్న పాత చక్రం కొలత చూసి, కొత్తది తామే మోసుకొచ్చారు. ఇంత దగ్గరికొచ్చిన మనిషిని చూశాక ఊరికే కూర్చోలేకపోయాం అన్నారు. గొంగడి, మడిచిన కాగితం నా చేతిలో పెట్టారు. కాగితం మీద అది అన్నట్టే ఒక్క గీత కూడా లేదు.

చక్రం నేనే బిగించాను. సరిగ్గా సరిపోయింది. పంపు పాత మోతతో నడిచింది. గ్యాలరీలో జనం ఏడుస్తూ ఒకరినొకరు పట్టుకున్నారు. నేను నట్లు మరోసారి బిగించుకుంటూ కిందే ఉండిపోయాను.

6,240వ రోజు. మిగిలిన మెట్లు: 14

మొండయ్య, రాజవ్వ బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నారు. ఆడిద్దామని కాదు, చెబుదామని నేనే పిలిచాను. లసుమ ముక్కాలి పీట దాని చోట దానికుంది.

రేకు తీసి కింద పడేశాను. పదకొండేళ్లు దాని వెనక ఏం చేశానో చెప్పాను. తిడతారనుకున్నాను, కొడతారనుకున్నాను. కొడితే బాగుండునని ఆశపడ్డాను.

రాజవ్వ పుట్టగొడుగుల మట్టి గోళ్లలోంచి తీసుకుంటూ అంది:

"మాకు తెల్వదా కొడుకా? పదకొండేండ్లల్ల ఒక్కలు గూడ సావలేదంటే గది పాచికనా? పోచం సారు బల్ల మీద నేనే ఆరుపార్లు సచ్చిన. నీ దగ్గర సావద్దనే గదా వచ్చింది. గా పొల్ల ఒక్కతే నమ్మింది. చిన్నప్పుడే వచ్చె, దానికి ఇంకో ఆట తెల్వకపాయె."

నేను మొండయ్య వైపు తిరిగాను. "నీకూ తెలుసా?"

అతను తల వంచుకున్నాడు.

"తెలిసి దాని పేరు చెప్పావా?"

"కుండల నా కొడుకు చీటీ గూడ పడ్తుండె ఓదెలన్నా. అందరి ఇంట్ల ఎవలో ఒకలు ఉండిరి. నువ్వొక్క మాట అంటవనుకున్న. నువ్వు అంటే ఆపుదుమనుకున్న. నువ్వు గూడ చెయ్యెత్తితివి."

చేతులెత్తిన అరవై ఇద్దరికీ తెలుసు. నాకూ తెలుసు. నడవబోయే పిల్లకు ఒక్కదానికే తెలియదు. ఒకరు చెబుతారని ఒకరం చూశాం.

కింద పంపు తన పని తను చేసుకుంటోంది. చివరికి రాజవ్వ పాచిక తీసి నా అరచేతిలో పెట్టింది. "పిట్ట ఏడున్నదో తెలుసుకోకుంట నాకు నిద్ర పట్టది. ఎయ్యి" అంది.

రేకు లేదు, గొట్టం లేదు. పాచికను బల్ల మధ్యలో దొర్లించాను. ఇత్తడి కదా, చాలా దూరం పోయింది. ఆగింది. ముగ్గురిలో ఒక్కరం కూడా వంగి చూడలేదు. మొండయ్య గోడ వైపు తిరిగాడు. రాజవ్వ కొంగు తీసి పాచిక మీద కప్పింది.

"చెప్పు" అంది.

మడతపెట్టిన కాగితం విప్పి పీట ముందు పరిచాను. మబ్బు ఇంకా విడిపోలేదు, పిట్ట నడుస్తూనే ఉంది, మూడు వందల అడుగుల దూరంలో తలుపు కనబడుతోంది అని మొదలుపెట్టాను. గొంతు నిలకడగానే ఉంది, అలవాటైన పని కదా. అంతవరకూ చెప్పి, అలవాటు కొద్దీ పీట వైపు తిరిగాను.

"ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగాను.